పాసైంది సరే, కింద రాసింది చదివారా?

బ్రిటన్‌లో కారు రిజిస్టరై మూడేళ్లు నిండాక ఏటా దాన్ని ఎంఓటీ పరీక్షకు తీసుకెళ్లాల్సిందే. 1960లో ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉన్నప్పుడు మొదలైన పరీక్ష ఇది. అప్పట్లో పదేళ్లు దాటిన బళ్లకే పెట్టారు. చూసిందీ బ్రేకులు, లైట్లు, స్టీరింగే. మరుసటి ఏడాదే పదేళ్లను ఏడుకు దించారు, 1967లో మూడుకు దించారు. 2018 మే 20 నుంచి పరీక్షలో దొరికిన లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని మూడు తరగతులుగా రాస్తున్నారు. మొదటి రెండింటిలో ఏది ఉన్నా బండి ఫెయిల్. మైనర్ ఉంటే పాసే, కానీ త్వరగా బాగు చేయించుకోవాలి. వీటన్నిటి కిందా అడ్వైజరీలని మరో వరస ఉంటుంది. ఇవి ఇప్పటికి లోపాలు కావు, ముందు ముందు కావచ్చు, కనిపెట్టి ఉండండి, అవసరమైతే బాగు చేయించండి అని దాని సారం. చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలూ, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లూ అక్కడ కొనేవి చాలావరకు పాత కార్లే కనుక ఈ వరస వాళ్లకు తరచూ ఎదురవుతుంది. ముందు టైర్లు హద్దుకు దగ్గరపడ్డాయని, వెనక బ్రేక్ డిస్కు గీతలు పడిందని, సస్పెన్షన్ బుష్ కొద్దిగా అరిగిందని నాలుగైదు ముక్కలు ఉంటాయి. పాస్ అన్న మాట చూడగానే కొందరు ఆ కాగితాన్ని మడిచి లోపల పెట్టేస్తారు. కొందరు హడలిపోయి ఆ నాలుగైదూ అదే వారం చేయించి జేబు ఖాళీ చేసుకుంటారు. నా దృష్టిలో ఇద్దరూ చేసింది ఒకటే: చదవకపోవడం. అడ్వైజరీ మీద పనిని వాయిదా వేసుకోవచ్చు. ఎన్నాళ్లు వాయిదా అనే నిర్ణయం మాత్రం కాగితం చేతికొచ్చిన రోజే జరగాలి. ఆ నిర్ణయానికి కొలబద్ద ఆ భాగం చెడిపోయే తీరే. మెకానిక్ పెట్టే తొందర, మన చేతిలో ఆడే డబ్బు ఆ తర్వాతి మాటలు.

పాస్ అనే మాట ఎంతవరకు పనికొస్తుందో ముందు తేల్చుకోవాలి. ఎంఓటీ పరీక్షలో భాగాలు విప్పి చూడరు, నిబంధనలే ఒప్పవు. కంటికి ఆనినదీ, కడ్డీతో కదిపితే తెలిసినదీ, రోలర్ల మీద బ్రేకు తొక్కితే బయటపడినదీ చూస్తారు. ఇంజను లోపలి సంగతి, క్లచ్, గేర్‌బాక్స్ ఆ పరీక్షలోకి రావు. బండి ఆ పూట కనీస హద్దుకు ఇవతలే ఉందని పరీక్షించిన మనిషి చెబుతున్నాడు, అంతే. రాబోయే పన్నెండు నెలలూ ఇవతలే ఉంటుందని ఎవరూ పూచీ పడలేదు. చట్టమూ అలాగే చూస్తుంది. 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టంలో 40ఏ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన స్థితిలో ఉన్న బండిని నడపడం నేరం; మొన్ననే ఎంఓటీ పాసైంది కదా అన్న జవాబు అక్కడ చెల్లదు. పైగా హద్దు అందరికీ ఒకటే. వారానికోసారి సరుకులకు వెళ్లే పెద్దాయన కారుకూ, రోజుకు వంద మైళ్లు తిరిగే డెలివరీ కారుకూ టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల లోతుంటే చాలు. రెండు మిల్లీమీటర్లున్న టైరు పెద్దాయనకు ఇంకో ఏడాది రావచ్చు, డెలివరీ కుర్రాడికి నెలన్నర రావడం కష్టం. పరీక్షించే మనిషి మీటరు మీద ఎన్ని మైళ్లున్నాయో రాసుకుంటాడు గాని, రేపటి నుంచి అది ఎన్ని మైళ్లు తిరగబోతోందో అతనికెలా తెలుస్తుంది? అతను రాసింది సగం. ఎప్పటికి అన్న రెండో సగం రాసుకోగలిగింది బండి నడిపేవారే.

టైరు దగ్గర ఆ రెండో సగం రాయడం తేలిక, అక్కడ అంకె ఉంది కనుక. కొత్త కారు టైరు గాడి సుమారు 8 మిల్లీమీటర్ల లోతుంటుంది. చట్టం అడిగేది టైరు వెడల్పులో మధ్యనున్న ముప్పాతిక భాగంలో, చుట్టూతా, కనీసం 1.6. నిరుడు ఎంతుందో, ఇప్పుడెంతుందో, మధ్యలో ఎన్ని మైళ్లు తిరిగిందో తెలిస్తే మిగిలిన ఆయుష్షు కూడికలు తీసివేతల లెక్కే. నిరుడు 4 ఉండి ఇప్పుడు 3 ఉంటే, మధ్యలో 6,000 మైళ్లు తిరిగి ఉంటే, మిగిలిన 1.4 మిల్లీమీటర్లు 8,400 మైళ్లు వస్తాయి. అంటే కాగితం మీద ఏడాది గడిచిపోతుంది. గడపవచ్చా అన్నది వేరే ప్రశ్న. గాడి ఉన్నది నీటిని పక్కకు తోయడానికి. లోతు తగ్గేకొద్దీ తడి రోడ్డు మీద బండి ఆగే దూరం పెరుగుతుంది. ఆ పెరుగుదల 1.6 దగ్గర హఠాత్తుగా మొదలవదు, అంతకు చాలా ముందే మొదలవుతుంది. అందుకే టైర్ల సంగతి తెలిసినవాళ్లు చాలామంది 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చమంటారు. టైర్లు అమ్మేవాళ్లూ అదే అంటారు కనుక ఆ సలహాను కాస్త ఆచితూచి తీసుకోవాలి, నిజమే. నేనైతే నెలను చూడమంటాను. ఏప్రిల్‌లో ఎంఓటీ అయిన కారుకు 3 మిల్లీమీటర్ల టైర్లుంటే వేసవంతా నడపడంలో తప్పులేదు. అక్టోబరు నుంచి అక్కడ చీకటీ వానా కలిసి వస్తాయి. కాబట్టి మార్చాల్సిన నెల సెప్టెంబరు. వచ్చే ఏప్రిల్ ఎంఓటీ దాకా లాగవచ్చని లెక్క చెబుతుంది, ఆ లెక్కకు వాన తెలియదు. ఇంకో కారణమూ ఉంది. హద్దు దాటిన ఒక్కో టైరుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు పడతాయి. డ్రైవింగ్ టెస్టు పాసైన రెండేళ్లలోపు 6 పాయింట్లు చేరితే లైసెన్సే రద్దవుతుంది. మన లైసెన్సు మీద అక్కడ నడపగలిగేది పన్నెండు నెలలే. ఆ తర్వాత అక్కడి టెస్టు పాసై కొత్త డ్రైవర్లయిన మనవాళ్లంతా ఈ రెండేళ్ల కత్తి కిందే ఉంటారు.

అన్ని భాగాలకూ ఇలా అంకె దొరకదు. దొరకని చోట అడగాల్సింది, ఇది చెప్పి పోతుందా, చెప్పకుండా పోతుందా అని. అరిగిన బుష్ చెప్పి పోతుంది. గతుకుల్లో టకటకమంటుంది, స్టీరింగ్ వదులైనట్టుంటుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. సైలెన్సర్ చిల్లు పడితే వీధి మొత్తానికి తెలుస్తుంది. షాక్ అబ్జార్బర్ నూనె చెమర్చడం మొదలుపెట్టాక చేతులెత్తేయడానికి చాలా సమయం తీసుకుంటుంది. ఇలాంటివాటిని నెలలపాటు కనిపెట్టి ఉండవచ్చు, డబ్బు కూడబెట్టుకోవచ్చు. తుప్పు పట్టిన బ్రేకు పైపు అలా కాదు. శీతాకాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా అక్కడ రాతి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కారు అడుగున ఉన్న ఇనుప పైపులనూ కాయిల్ స్ప్రింగులనూ కొరుక్కుతింటాయి. విశాఖలోనో కాకినాడలోనో బండి నడిపినవారికి ఉప్పుగాలి చేసే పని కొత్తగా చెప్పనక్కర్లేదు. తుప్పు పట్టిన పైపు రోజూ మెల్లగా తొక్కే బ్రేకుకు నిలబడుతుంది. ఎవరో అడ్డం వచ్చి ప్రాణభయంతో పెడలును నేలకు తొక్కిన రోజున, లోపలి ఒత్తిడి ఎన్నడూ లేనంత పెరిగి, ఆ రోజే పగులుతుంది. కార్లలో బ్రేకులకు రెండు సర్క్యూట్లుంటాయి కనుక మొత్తం పోదు, కొంత మిగులుతుంది. ఆ క్షణంలో కొంత చాలదు. స్ప్రింగు విరిగితే ఒక్కోసారి దాని మొన టైరులో దిగుతుంది. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. టైరు పక్కగోడ మీద పగుళ్లున్నాయని రాస్తే అదీ ఈ కోవలోదే. గాడి ఎంత లోతున్నా దానికి సంబంధం లేదు. రబ్బరు వయసు తెలియాలంటే టైరు మీద అచ్చు వేసిన నాలుగంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని లెక్క. చెప్పకుండా పోయే భాగాల మీద అడ్వైజరీ వస్తే వాయిదాను వారాల్లో కొలుచుకోవాలి. రెండు మూడు వారాల్లో ఇంకో మెకానిక్ చేత చూపించి, అతనూ అవునంటే చేయించేయాలి.

బ్రేక్ ప్యాడ్లు ఈ రెండు రకాలకూ మధ్యలో ఉంటాయి. అంకె ఉంది: 1.5 మిల్లీమీటర్ల కంటే పలచబడితే ఎంఓటీ ఫెయిల్. అరిగే ముందు కీచుమంటాయి, కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు మీద లైటు కూడా వెలుగుతుంది. అయితే ఇక్కడ ఆలస్యానికి వేరే ఖరీదుంది. ప్యాడు పూర్తిగా అరిగిపోతే వెనకనున్న ఇనుప రేకు డిస్కును గీకేస్తుంది, ప్యాడ్లతో పోవాల్సిన ఖర్చు డిస్కులను కూడా లాక్కొస్తుంది. వాయిదా వేస్తే ధర మారని పనులు కొన్ని, పెరిగే పనులు కొన్ని. బుష్ ఆరు నెలల తర్వాతా అదే ధర. అదే బుష్ వల్ల కొత్త టైరు ఒకవైపు అరిగిపోతుంటే మాత్రం వాయిదా వేసిన ప్రతి నెలా టైరు మీద ఖర్చు రాసుకోవాలి. ఇక అడ్వైజరీల వరస ఖాళీగా ఉంటే బండి దివ్యంగా ఉన్నట్టేనా అంటే, కాదు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం, అందులో 3.7 శాతం నీరు చేరినప్పుడు ఆ ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. కొండ దిగుతూ బ్రేకు మీద కాలు తీయనివాడికి ఆ తేడా ఏమిటో పెడలు మెత్తబడినప్పుడు తెలుస్తుంది. ఎంఓటీలో ఫ్లూయిడ్ మట్టం చూస్తారు, అది ఏ వేడికి మరుగుతుందో కొలవరు. టైమింగ్ బెల్టునూ చూడరు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉన్న గడువులు ఎంఓటీతో రద్దు కావు.

ఇంత చెప్పాక ఒక అభ్యంతరం వస్తుంది. పరీక్షించేవాళ్లు తమ మీదికి రాకుండా కనపడిందల్లా రాసేస్తారు, ఒకే కారును రెండు గ్యారేజీలకు తీసుకెళితే రెండు రకాల వరసలు వస్తాయి, అలాంటిదాన్ని పట్టుకుని నిర్ణయాలేమిటి అని. ఇందులో నిజం ఉంది. అడుగున కవర్లు బిగించి ఉన్నందున కొన్ని భాగాలు కనపడలేదనీ, పిల్లల సీటు ఉన్నందున సీటు బెల్టును పూర్తిగా చూడలేకపోయామనీ కూడా అడ్వైజరీల్లో రాస్తారు. అవి కారు గురించిన మాటలు కావు, చూసినవాడి చూపు ఎక్కడ ఆగిందో చెప్పే మాటలు. సస్పెన్షన్ భాగాల మీద పైపైన తుప్పు అన్న ముక్క మందపాటి ఇనుము మీద ఏళ్లతరబడి అలాగే ఉండిపోవచ్చు. కానీ మనిషి కన్ను కనుక తేడా వస్తుందన్న వాదన ఒక్క ఏడాది కాగితాన్ని విడిగా చూసినప్పుడే బలంగా కనిపిస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం 2005 నుంచి జరిగిన ఎంఓటీల ఫలితాలను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టింది. నంబరు ప్లేటు మీది అంకెలు కొడితే చాలు, ఏ ఏడు పాసైందో, ఎందుకు ఫెయిలైందో, ఏ అడ్వైజరీలు రాశారో, మీటరు ఎంత చూపిందో అన్నీ వస్తాయి. అయిదేళ్ల వరసను పక్కపక్కన పెట్టి చదివితే ఒక్కో పరీక్షకుడి చాదస్తం పలచబడిపోయి బండి నడక బయటపడుతుంది. పైపైన తుప్పు అన్న మాట నాలుగేళ్లుగా మారకుండా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఒక ఏడు కొద్దిగా అని, మరుసటి ఏడు కొద్దిగా తీసేసి రాస్తే లేవాలి. నిరుటి అడ్వైజరీ ఈసారి కనపడకపోతే, దాన్ని బాగు చేయించారో, చూసిన మనిషి మారాడో బిల్లు చెప్పాలి. పాత కారు కొనబోయేవారికి ఈ చరిత్ర ఇంకా పనికొస్తుంది. ఏటా అవే టైర్లు, అవే బ్రేకుల గురించి రాసి ఉండి, అవి ఫెయిలయ్యేదాకా ముట్టుకోని యజమాని ఇంజను ఆయిలు మాత్రం వేళకు మార్చించి ఉంటాడని నమ్మడానికి నాకు కారణం కనపడదు.

రెండో అభ్యంతరం గ్యారేజీల మీద అనుమానం. కారు ఎంఓటీకి వసూలు చేయగల గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు, గిరాకీ కోసం చాలాచోట్ల ఇంకా తక్కువకే చేస్తారు. ఆ డబ్బుతో గ్యారేజీ నడవదు, రిపేర్లతో నడుస్తుంది. పరీక్షించేదీ బాగుచేసేదీ ఒకే షెడ్డయినప్పుడు ఆ వరసలో ఎంత నిజం, ఎంత వ్యాపారం అని అడగడం న్యాయమే. జర్మనీలో టీయూవీ లాంటి సంస్థలు పరీక్ష వరకే చేస్తాయి, రిపేరు వేరేచోట. బ్రిటన్‌లోనూ కొన్ని స్థానిక సంస్థల పరీక్షా కేంద్రాలున్నాయి, అవి జనం కార్లను బాగుచేయవు కనుక ఫెయిల్ చేసినా అడ్వైజరీ రాసినా వాటికి లాభం లేదు. అనుమానం ఉన్నవాళ్లకు ఇంత తేలికైన దారి ఉండగా, అనుమానాన్ని సాకుగా చేసుకుని కాగితం మడిచేయడం సరికాదు. పరీక్ష జరిగిన గ్యారేజీలోనే రిపేరు చేయించాలన్న నిబంధన ఎక్కడా లేదు. ర్యాంపు మీద ఉండగానే చూపించమని అడగాలి. ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది, హద్దెంత, కదలిక ఎంతుంది అని అడగాలి. నిజాయతీగా రాసినవాడు చూపిస్తాడు, అంకె చెబుతాడు. వెంటనే చేయించకపోతే ప్రమాదం అని మాత్రమే అంటూ అంకె చెప్పనివాడికి ఒక్క మాట గుర్తుచేయవచ్చు: అది నిజంగా అంత ప్రమాదమైతే డేంజరస్ కింద రాసి ఫెయిల్ చేయాల్సింది అతనే.

డబ్బు సంగతి ఇంకా గట్టి అభ్యంతరం. పార్ట్‌టైం జీతంతో అద్దె, ఫీజు కట్టుకునే విద్యార్థికి కారు ఖరీదే తక్కువ, దానికి సమానంగా రిపేర్లు రాస్తే ఏం చేస్తాడు? అందుకే వరస పెట్టుకోవాలంటున్నాను. డబ్బున్నవాడు అన్నీ ఒకేసారి చేయించి ఊరుకోవచ్చు. ఏది ముందో ఏది తర్వాతో తెలియాల్సింది లేనివాడికే. చెప్పకుండా పోయేవి ముందు, వాయిదాతో ధర పెరిగేవి ఆ తర్వాత, చెప్పి పోయేవి చివర. కారు విలువే తక్కువ, దానికి ఇంత పెట్టడమెందుకనే మాట బుష్‌లకూ సైలెన్సర్‌కూ వర్తిస్తుంది. బ్రేకు పైపుకు వర్తించదు, ఎందుకంటే అది పగిలితే పోయేది కారు విలువ కాదు. ఆ ఖర్చు పెట్టలేనప్పుడు కారును వదిలించుకోవడం కూడా ఒక నిర్ణయమే, చాలాసార్లు అదే సరైన నిర్ణయం. డబ్బు మిగుల్చుకునే తొందరలో ఒక ఉచ్చులో పడేవాళ్లున్నారు. బ్రిటన్‌లో వాడిన టైర్లను అమ్మడం చట్టబద్ధమే; 2 మిల్లీమీటర్ల గాడి ఉంటే, వాడినదని ముద్ర ఉంటే చాలు. అంటే అడ్వైజరీ వచ్చిందని టైరు తీసేసి, మళ్లీ అడ్వైజరీ వచ్చే టైరునే డబ్బిచ్చి కొనుక్కుంటున్నారన్నమాట. తిరిగిన మైళ్లతో భాగిస్తే అది కొత్త టైరు కంటే ఖరీదు కావచ్చు. దుబారా లేకుండా సర్దుకోవడానికి నిబంధనల్లోనే ఒక వెసులుబాటు ఉంది. ఎంఓటీ గడువుకు ఒక నెల ముందు, ఒక్కరోజు తక్కువగా, పరీక్ష చేయించుకుంటే మరుసటి ఏడాది గడువు తేదీ మారదు. ఆ నెల ముందే వెళ్తే, రాసినవాటిని రెండు జీతాల మీద సర్దుకోవచ్చు.

అంత ముఖ్యమైతే ప్రభుత్వమే దాన్ని ఫెయిల్ కింద పెట్టేది కదా అనేవారూ ఉన్నారు. ఈ మాట హద్దునూ గడువునూ ఒకటిగా కలిపేస్తోంది. ఏడాది గడువు ఇనుము లక్షణాన్ని బట్టి పెట్టింది కాదు, ప్రజల ఖర్చుకూ రోడ్డు భద్రతకూ మధ్య కుదిర్చిన ఒప్పందం. కొత్త కారుకు మొదటి ఎంఓటీ ఉత్తర ఐర్లండ్‌లో నాలుగేళ్లకు, మిగతా బ్రిటన్‌లో మూడేళ్లకు. అక్కడా నాలుగేళ్లు చేద్దామని 2023లో ప్రభుత్వం ప్రతిపాదించి అభిప్రాయాలు అడిగింది, మరుసటి ఏడాది మానుకుంది. ట్యాక్సీలకు చాలా స్థానిక సంస్థలు ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ పరీక్షలు పెడతాయి. ఎవరి తిరుగుడుకు తగ్గ గడువు వారిదని ప్రభుత్వమే ట్యాక్సీల దగ్గర ఒప్పుకుంది. సొంత కారువాళ్లకు ఆ పనిని అడ్వైజరీ రూపంలో వాళ్ల చేతికే వదిలింది.

మన దగ్గరికొస్తే ఆ వరసే లేదు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ పదిహేనేళ్లలో పొల్యూషన్ సర్టిఫికెట్ తప్ప బండిని పరీక్షించమని చట్టం అడగదు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి. లారీలు, బస్సులు, ట్యాక్సీలకు ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) వచ్చిందా రాలేదా అన్నదే మాట. వస్తే, ఏది ఎంత దగ్గరలో ఉందో కాగితం చెప్పదు. సొంత బళ్లవాళ్లకు ఆ లోటును సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు తీరుస్తోంది. అందులో త్వరలో మార్చాలి అని రాసేవాటిని చెప్పి పోయేవి, చెప్పకుండా పోయేవి అంటూ వేరుచేసి చదవడం బ్రిటన్‌లో ఎంత అవసరమో ఇక్కడా అంతే. ఇంకాస్త ఎక్కువే, ఎందుకంటే అమ్మకాల లెక్కలు చూసుకునే సర్వీస్ అడ్వైజర్ రాసినదాన్ని పోల్చుకోవడానికి ఇక్కడ మరో కాగితం లేదు. ఆ మరో కాగితం పుట్టే అవకాశం మాత్రం వచ్చింది. 2021లో కేంద్రం ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు నిబంధనలు తెచ్చింది. వాటిని నడిపేవారు బళ్ల రిపేరు గాని, బళ్ల అమ్మకం గాని, విడిభాగాల వ్యాపారం గాని చేయకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. బ్రిటన్ గ్యారేజీల మీదున్న అనుమానానికి మనం ముందే తలుపు మూశామన్నమాట. రోలర్ల మీద ఒక్కో చక్రం ఎంత బలంతో ఆగుతుందో, ఎడమకూ కుడికీ తేడా ఎంతో ఆ యంత్రాలు కొలుస్తాయి. కొలిచిన అంకె హద్దుకు ఎంత దూరంలో ఉందో యజమానికి అర్థమయ్యే భాషలో ఇంకో వరసగా రాసివ్వడానికి కొత్త యంత్రం అక్కర్లేదు.

అలా రాయమంటే లంచానికి ఇంకో కిటికీ తెరిచినట్టే అనేవారుంటారు. ఎఫ్‌సీ చుట్టూ ఉన్న దళారుల గురించి తెలిసినవారెవరూ ఈ భయాన్ని కొట్టిపారేయలేరు. అయితే దళారి అమ్మేది పాస్‌ను. బండిని ఆపే అధికారం లేని ఒక వ్యాఖ్యకు, అందులోనూ యంత్రం అచ్చువేసిన అంకెకు, బజారులో ధర పలకదు. భయపడాల్సింది వేరే ఉంది: ఆ వరస వచ్చాక దాన్ని ఎవరూ చదవకపోవడం. లారీ యజమాని చదవకపోవచ్చు, డ్రైవరు చేతికి అది చేరకపోవచ్చు. కనుక మొదట స్కూలు బస్సులతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు తెరిచే ముందు రవాణా శాఖ ఈ బస్సులను తనిఖీ చేస్తుంది, ఫిట్‌నెస్ లేనివి పట్టుబడుతుంటాయి. ఎండలు దిగకముందు హద్దుకు కాస్త పైనున్న టైరుతో పాసైన బస్సు ఆ వెంటనే వచ్చే నాలుగు నెలల వానల్లో పిల్లలను తిప్పుతుంది. ఆ టైరు గాడి లోతు, నాలుగు చక్రాల బ్రేకు బలం, స్టీరింగ్ జాయింట్లలో కదలిక, ఈ అంకెలున్న కాగితం నకలు ఒకటి బడి నోటీసు బోర్డు మీదా, ఒకటి తల్లిదండ్రుల కమిటీ చేతిలోనూ ఉండాలి. అప్పుడు ఆగస్టులో జరిగే సమావేశంలో ఎవరో ఒకరు లేచి, జూన్‌లో రెండున్నర ఉన్న ముందు ఎడమ టైరు ఇప్పుడెంతుందని అడగగలుగుతారు.